సక్కుబాయి డాబా మీదుగా

ఛత్రినాక,
20 అక్టోబరు 2005

ప్రియమైన శ్రవణ్,

ఇంట్లో అందరి ముందూ "ఏమండీ, మీరు" అంటూ నోరు నొప్పెట్టేలా మర్యాద చేస్తాను కాబట్టి ఉత్తరంలో "నువ్వు" అనే రాస్తాను. కోపం వస్తే ఆ కొండల్లోంచి దిగివచ్చి దెబ్బలాడు. మీ క్యాంపులో సిగ్నల్ లేదు. వారానికోసారి జీపులో ఊళ్ళోకి దిగి నువ్వు చేసే ఫోను హాల్లో మోగుతుంది, పక్కనే అత్తయ్య కూర్చుని ఉంటారు. "బాగున్నాం, తిన్నాం" తప్ప నేనేం చెప్పను?

ముందు మంచి కబురు. నా వెలుగు నిలిచింది!

లేజరు పెట్టె మనింటి డాబా మీద, కెమెరా శాలిబండ వైపు మీ మేనత్త లీలమ్మగారి డాబా మీద పెట్టాం కదా. మధ్యలో ముప్పావు కిలోమీటరు బస్తీ. సెప్టెంబరంతా మామూలు వెలుగు పంపాను. పొద్దున పదకొండయ్యేసరికి కింద రేకుల కప్పులూ పొయ్యిలూ వేడెక్కి గాలి ఒకటే మరగడం. పొయ్యి మీదుగా చూస్తే అవతలి గోడ వణికినట్టు కనిపిస్తుందే, అదే రోగం. పంపింది గుండ్రటి చుక్క, అవతల చేరింది చింపిరి గుడ్డ. ఈ నెల నా అసలు వెలుగు మొదలుపెట్టాను. చేతి గాజులా ఉంటుంది, చుట్టూ ఎరుపు, మధ్యలో చీకటి, మెలి తిరుగుతూ పోతుంది. దానికి ఆ ఆకారం ఇవ్వడానికి నాలుగేళ్ళు నేను పడ్డ పాట్లు నీకు తెలుసు. రెండు వారాలుగా రోజూ అదే పదకొండు గంటలకి పంపుతున్నాను. గాజు గాజులాగే వెళ్ళి కెమెరాలో వాలుతోంది. అంచు కాస్త వంకర పోవచ్చు, అంతే. తెగలేదు.

మా పరిశోధన గైడు ఉమాపతిగారు బొమ్మలు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన లేవడం నేనెప్పుడూ చూడలేదు. రోడ్లు తవ్వి కేబుళ్ళు వేయకుండా ఒక మేడ నుంచి ఇంకో మేడకి వెలుగుతోనే కబుర్లు పంపొచ్చని, ఆకారం ఇచ్చిన వెలుగు మరిగే గాలిని తట్టుకుంటుందని, డిసెంబరు సదస్సుకి వ్యాసం పంపించేశాం. లీలమ్మత్తయ్య మాత్రం కెమెరా స్టాండుకి ఎండుమిరపకాయల చాట ఆనించి, "నా డాబా మీద నాకే గింత జాగ లేకపాయె" అని నా మీదే లొల్లి చేశారు.

ఇక అసలు సంగతి. అందుకే నిన్నటినుంచి రాద్దామా వద్దా అని ఊగాను.

మామయ్య కొట్టుకి ముత్యాలు ఏరే సక్కుబాయి డాబా ఆ దారిలోనే ఉంది. హోటళ్ళ సందు దాటగానే. ట్యూబ్‌లైటు కింద ముత్యం రంగు అబద్ధం చెబుతుందని ఆవిడ ఎండలో తెల్లగుడ్డ పరుచుకుని కూర్చుంటుందని నీకు తెలిసిందే. కూర్చుంటే నా వెలుగు ఆమె తల పైనుంచి పోతుంది. లేచి నిలబడి మనింటి వైపు తిరిగితే సరిగ్గా మొహం ఎత్తు. పదకొండుకీ పన్నెండుకీ మధ్య లేవద్దని నేనే వెళ్ళి రెండుసార్లు చెప్పి వచ్చాను. నిన్న ఏరిన ముత్యాల పళ్ళెం ఇవ్వడానికి వచ్చి మెట్ల దగ్గరే ఆగిపోయింది.

"కోడలమ్మా, కుడికంట్ల నల్లమచ్చ తిరుగుతున్నది. యాడ జూస్తే ఆడ అదే. నీ ఎర్రలైటు గొట్టినట్టున్నది."

అప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు. ఆమెకి ఉన్న ఆస్తి ఆ రెండు కళ్ళే. లేజరు కట్టేశాను. ఏం చెయ్యాలో రాయి.

నీ
నీహారిక


హిమాచల్, సొరంగం క్యాంపు,
29 అక్టోబరు 2005

ప్రియమైన నీహారికా,

ఫికర్ చేయకు అని రాసి కవరు అంటిద్దామనుకున్నాను. నేను వద్దంటే నువ్వు ఇంకాస్త ఎక్కువ చేస్తావని గుర్తొచ్చి ఆగాను.

సక్కుబాయి ఒళ్ళో కూర్చుని ముత్యాలు చూసినవాణ్ణి నేను. తెలుపులో గులాబీ తెలుపు వేరు, పాల తెలుపు వేరు అని నాకు చూపించింది ఆవిడే. బాపు ఎంత పెద్ద వ్యాపారం మాట్లాడుతున్నా సక్కుబాయి తల అడ్డంగా ఊపిందంటే ఆ సరుకు కొనడు. కాబట్టి ఈ సంగతి నాకూ చిన్నది కాదు.

ఇక్కడ మేం కూడా ఎర్రటి లేజరు చుక్క చూసుకునే సొరంగం తవ్వుతాం. మిషన్ల దగ్గర వేడిగాలి, గోడల దగ్గర చల్లగాలి. వాటి మధ్య చుక్క తాగినవాడిలా తూలుతుంది. మా పనివాళ్ళకి నేను చెప్పేది ఒకటే, విడిపోయి పలచబడ్డ వెలుగుతో భయం లేదు, ఒక్కచోట కూడి వచ్చేదానితోనే భయం. నీది ఎంత బలమైనదో, ఆ డాబా దగ్గర ఎంత వెడల్పు ఉందో లెక్క కట్టు. నాకు కాదు, డాక్టరుకి ఉపయోగం. ఆలస్యం చేయకుండా ఆవిణ్ణి కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. బాపుకి కూడా చెప్పు. తర్వాత తెలిస్తే తిట్టేది నిన్ను కాదు, నన్ను.

తిను. తింటేనే లెక్కలు తప్పు రావు.

నీ
శ్రవణ్


ఛత్రినాక,
8 నవంబరు 2005

ప్రియమైన శ్రవణ్,

మామయ్యకి చెప్పాను. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "డాక్టర్‌కు చూపియ్యిండ్రి, ఏం ఖర్చయినా నాది" అని కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. అత్తయ్య మాత్రం డాబా మెట్ల వైపు చూసి, "ఆ మిషను పైన ఉన్నన్ని దినాలు నాకు నిద్ర రాదు" అన్నారు.

డాక్టరు సైదాబాద్‌లో మా నాన్నగారికి తెలిసినాయన. టార్చి వేసి చూశాడు. లోపల పూర్తిగా చూడాలంటే చుక్కలు వేసి కంటిపాప పెద్దది చెయ్యాలన్నాడు. సక్కుబాయి కుర్చీలోంచి లేచిపోయింది. "చుక్కలు గిక్కలు వద్దు. ఏమైందో నేనే జెప్తున్న గద, లైటు గొట్టింది" అని ఒకటే పట్టు. ఎంత బతిమాలినా వినలేదు. చివరికి ఆయన నా వైపు తిరిగాడు.

"వెలుగు తగిలినా ఇలాంటి మచ్చ రావచ్చు. వేరే కారణాలూ ఉంటాయి. మీ వెలుగు ఆ చోట ఎంత గట్టిగా ఉందో మీరే చెప్పాలి."

శ్రవణ్, నేను పడ్డ ఇరకాటం చూడు. నా గాజు వెలుగు చెదిరి చాటంత వెడల్పయి ఉంటే, అందులో కన్ను పెట్టి చూసినా ఏమీ కాదు. చెదరకుండా గాజంతే ఉండి ఉంటే, రెప్ప వేయకుండా చూసినవాళ్ళ కంటికి చేటు. మరి నేను వ్యాసంలో ఏం రాశాను? చెదరలేదని రాశాను. బొమ్మలతో సహా రాశాను. నా వెలుగు నిలిచిందంటే సక్కుబాయి కన్ను తీసింది నేనే. నిలవలేదంటే నాలుగేళ్ళ చదువు గంగపాలు. డాక్టరు ముందు నోరు తెరిచి "చూసి చెబుతాను" అన్నాను.

ఉమాపతిగారు వచ్చే ఏడు రిటైరవుతారు. ఈ వ్యాసం మీదే నా డాక్టరేటు నిలబడి ఉంది. అయినా రాత్రింబవళ్ళూ నేను కోరుకునేది ఒక్కటే, నా ప్రయోగం తప్పయిపోవాలి. ఇలా కోరుకునే పరిశోధకురాలు ఇంకెక్కడైనా ఉంటుందా?

మళ్ళీ కొలుస్తాను. సక్కుబాయిని కొట్టులో కూర్చోబెట్టి, ఆ డాబా తలుపుకి తాళం వేసి, ఆమె మొహం ఎత్తులో తెల్ల అట్ట నిలబెట్టి చూస్తాను.

నీ
నీహారిక


ఛత్రినాక,
16 నవంబరు 2005

ప్రియమైన శ్రవణ్,

చెదిరిపోయింది! వారం రోజులు చూశాను. అదే పెట్టె, అదే బలం, అదే పదకొండు గంటలు. సక్కుబాయి డాబా మీది అట్ట మీద నా గాజు ముక్కలు ముక్కలై, ఎర్రమరకలు చాటంత మేర చెల్లాచెదురై ఆడుతున్నాయి. లీలమ్మత్తయ్య దగ్గరికి చేరేసరికి అది గాజని నేను చెప్పినా ఎవరూ నమ్మరు. సెప్టెంబరులో పంపిన మామూలు వెలుగుకి ఏ గతి పట్టిందో దీనికీ అదే. ఇంత పలచని వెలుగు ఎవరి కన్నూ తీయలేదు.

అట్ట ముందు నిలబడి ఏడ్చేశాను, సంతోషంతో. అక్టోబరు బొమ్మలు ఏదో అదృష్టం కొద్దీ వచ్చినవై ఉంటాయి, లేదా కెమెరాలో ఏదో లోపం. పోనీ. సదస్సు పోతే పోయింది. ఉమాపతిగారితో ఇంకా అనలేదు, ధైర్యం కూడగట్టుకోవాలి.

భోజనాల దగ్గర అందరికీ చెప్పాను. మామయ్య మొహం తేటపడింది. "గట్లయితే మన తప్పు గాదు. వయసు మీద పడ్డది, గంతే. ఇగ ఇంటికాడ సల్లగ కూసోనీ" అన్నారు. ముత్యాల పళ్ళెం మొన్నటినుంచి నాగమణమ్మ అనే ఆవిడ దగ్గరికి పోతోంది. సక్కుబాయి వచ్చి కొట్టు గడప దగ్గర కాసేపు నిలబడి వెళ్ళిపోయిందట. నాకు మనసులో కలుక్కుమంది కానీ, నా వెలుగు వల్ల కాదన్న సంతోషంలో అది ఎక్కువసేపు నిలవలేదు. నిజం రాస్తున్నాను.

కడుపునిండా తిన్నాను. నువ్వూ తిను.

నీ
నీహారిక


హిమాచల్, సొరంగం క్యాంపు,
25 నవంబరు 2005

ప్రియమైన నీహారికా,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. ఈ జవాబు రెండుసార్లు రాసి చింపాను. నువ్వు కడుపునిండా తిన్నానని రాసిన కాగితం పక్కన పెట్టుకుని ఇది రాయడం నాకు ఎంత కష్టంగా ఉందో చెప్పలేను. కానీ రాయకపోతే నీకు తెలిసే దారి లేదు. ఆ సందులో పెరిగినవాణ్ణి నేను. నువ్వు కాదు.

మనింటికీ సక్కుబాయి ఇంటికీ మధ్య హోటళ్ళ సందు ఉందని నువ్వే రాశావు. ఆ సందులో నాన్ బట్టీలు వరసగా ఉంటాయి. మామూలు రోజుల్లో తెల్లారకముందే ముట్టిస్తారు. పదకొండుకి అవి ఎర్రగా కాలుతుంటాయి, పైన గాలి ఉడుకుతుంటుంది. రంజాను నెలలో పగలు ఎవరు తింటారు? మధ్యాహ్నం నమాజు అయ్యాకే ముట్టిస్తారు, సాయంత్రం ఇఫ్తారుకి. చిన్నప్పుడు ఆ నెలలో బడికి పోతూ చల్లటి బట్టీల అరుగుల మీద కూర్చుని ఆడుకునేవాళ్ళం.

సెప్టెంబరులో నువ్వు మామూలు వెలుగు పంపినప్పుడు బట్టీలు కాలుతున్నాయి. అక్టోబరులో గాజు వెలుగు పంపిన రోజులన్నీ రంజాను. ఇప్పుడు పండుగ అయిపోయింది, మళ్ళీ కాలుతున్నాయి. నువ్వు మనింటి మెట్లెక్కి డాబా మీదికి పోతావు, లీలమ్మత్త ఇంటికైనా సక్కుబాయి ఇంటికైనా మెయిన్ రోడ్డు మీద ఆటోలో పోతావు. ఆ సందులో నడవాల్సిన పని మా ఇంటి కోడళ్ళకి ఎప్పుడూ పడలేదు. అందుకని నీకు తట్టలేదు. తప్పు పట్టడం లేదు.

దీని అర్థం నాకంటే నీకే బాగా తెలుసు. నీ కెమెరా సరిగ్గానే పనిచేసింది. అక్టోబరులో ఆ గాలి నిమ్మళంగా ఉంది, నీ గాజు నిజంగానే విడిపోకుండా సక్కుబాయి డాబా మీదుగా పోయింది. నిలిచింది ఆకారం వల్ల కాదు, చల్లటి గాలి వల్ల, కాబట్టి వ్యాసంలో రాసింది తప్పు. సక్కుబాయి చెప్పింది తప్పు కాకపోవచ్చు.

నువ్వు ఏం చేసినా నేను నీ వైపే ఉన్నాను. కానీ బాపు పళ్ళెం నాగమణమ్మకి ఇచ్చింది నీ మాట మీద. అది మటుకు మర్చిపోకు.

నీ
శ్రవణ్


ఛత్రినాక,
7 డిసెంబరు 2005

ప్రియమైన శ్రవణ్,

నీ ఉత్తరం చదివి నిన్ను తిట్టుకున్నాను. తర్వాత చెప్పులేసుకుని ఆ సందులోకి వెళ్ళాను. అత్తయ్య "యాడికి పోతున్నవ్?" అంటే "నాన్‌లకి" అన్నాను. సందు మొదట్లోనే వేడి మొహానికి కొట్టింది. మొదటి బట్టీ దగ్గర ఉన్న పెద్దాయన్ని రంజానులో పగలు బట్టీ ముట్టిస్తారా అని అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

"రోజోం మే దిన్ కో కౌన్ ఖాతా బీబీ? జొహర్ కే బాద్ సులగాతే."

అంతే. ఉపవాసాల్లో పగలు తినేవాళ్ళు లేరు, మధ్యాహ్నం నమాజు అయ్యాకే ముట్టిస్తారు. నాలుగేళ్ళు పుస్తకాలు చదివి, గాలి గురించి పేజీలకి పేజీలు రాసి, ఆ గాలి ఎక్కడినుంచి లేస్తోందో ఒక్కసారి కిందికి దిగి చూడలేదు. చేతిలో వేడి నాన్‌లు పట్టుకుని నడిరోడ్డు మీద నిలబడ్డాను.

ఉమాపతిగారికి ఆ రోజే చెప్పాను. వ్యాసం వెనక్కి తీసుకున్నాం. ఆయన బొమ్మలన్నీ మళ్ళీ ముందేసుకుని చూశారు. "రెండు వెలుగుల్నీ ఒకే గాలిలో పంపి ఉండాల్సింది, నేనైనా అడిగి ఉండాల్సింది" అన్నారు. బట్టీలు వెలిగినప్పుడూ ఆరినప్పుడూ రెండింటినీ పక్కపక్కన పంపి మళ్ళీ మొదలుపెట్టాలి. ఇంకో ఏడాది పడుతుంది. ఈసారి విశ్వవిద్యాలయం ఆవరణలో, మనుషులు లేని చోట.

సాయంత్రం మామయ్య ముందు కూర్చున్నాను. రంజానులో నా వెలుగు చెదరలేదని, నేను ముందు చెప్పింది తప్పని, సక్కుబాయి కన్ను నా వల్లే పోయి ఉండొచ్చని చెప్పేశాను. అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మామయ్య లేచి కొట్టుకి ఫోను చేశారు.

"రేపటి సంది పళ్ళెం మల్ల సక్కుబాయికే పోవాలె. ఏరనొస్తే ఏరుతది. రాకుంటే ఊకె కూసుంటది. మనింటి లైటుకు పోయిన కన్ను. మనమే జూసుకోవాలె, ఆమె ఉన్నన్ని దినాలు."

ఆ తర్వాత ఆయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు. లేజరు పెట్టె దింపించేశాను.

మర్నాడు సక్కుబాయి ఇంటికి వెళ్ళి ఆమెకీ అంతా చెప్పాను. పెద్ద కళ్ళాసుపత్రికి పోదాం, ఈసారి చుక్కలు వేయించుకోవాల్సిందేనని ఆటో ఎక్కించాను. మలక్‌పేట దాటాక ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నీ లైటు నాకు తగల్లే బిడ్డా."

నాకు అర్థం కాలేదు. ఓదారుస్తోందేమో అనుకున్నాను.

"నువ్వు జెప్పినంక ఆ టైముల నేను లేచింది లేదు. ఎండకాలం సంది ఉన్నది మచ్చ. మొదలు సన్నగుండె. దసరా నాటికి ముత్యం మీద ముత్యమంత అయింది. ఎడమ కంట్ల గూడ షురూ అయింది. చుక్కలేస్తే రెండు కండ్లూ జూస్తరు, బయటపడ్తదని వేయించుకోలే."

"మరి నా మీద ఎందుకు చెప్పావు?" చెయ్యి విడిపించుకున్నాను. అన్ని వారాలు! తినకుండా, నిద్రపోకుండా! కోపంతో ఆటో ఆపి దిగిపోదామనుకున్నాను శ్రవణ్.

"ముసల్దయింది, కండ్లు వోయినయ్ అంటే సేటు పళ్ళెం గుంజుకుంటడు. గుంజుకున్నడు గూడ, జూసినవ్ గద. మీ ఇంటి లైటు గొట్టిందంటే గుంజుకోడు. సేటు గట్లాంటోడు."

"ఇప్పుడు పళ్ళెం వచ్చింది కదా. నాకెందుకు చెబుతున్నావు?"

"నువ్వు జెప్పకుంటే ఎవరికి ఎర్క అయితుండె? సేటు ముందట, అత్త ముందట నీ మీద నువ్వే ఏసుకుంటివి. నేను నోరు మూసుకుంటే ఎట్ల?"

ఆసుపత్రిలో చుక్కలు వేయించుకుంది. షుగరు. ఎప్పటినుంచో ఉందట, ఎవరూ చూడలేదు. కుడికన్ను పెద్దగా తిరిగి రాదు. ఎడమకన్ను లోపల కారుతున్న రక్తనాళాల్ని లేజరుతో మూసేస్తే నిలుస్తుందన్నారు. సక్కుబాయి నా వైపు తిరిగి, "మల్ల లైటేనా?" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నేను ఏడ్చాను. వచ్చే సోమవారం తీసుకెళ్తున్నాను.

ఇక నిన్నటి సంగతి. లీలమ్మత్తయ్య వచ్చారు, పక్కింటివాళ్ళూ వచ్చారు. అత్తయ్య వాళ్ళతో, "మా కోడలి మిషనుకు సక్కుబాయి కన్ను వోయింది. ఏం జేస్తం, చదువుకున్నోళ్ళ పనులు గట్లనే ఉంటయి" అంటున్నారు. లీలమ్మత్తయ్య నా మొహం వైపు చూడకుండా టీ తాగారు. నా నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట అంటే చాలు. ఇన్నాళ్ళూ నా తప్పు కాదని తేలితే చాలని ఎన్ని దేవుళ్ళకి మొక్కానో. తేలింది. ఆ మాట నోట్లోనే పెట్టుకుని కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆ మాట అంటే ఏమవుతుందో నాకు తెలుసు. మామయ్య చెడ్డవారు కాదు. కానీ షుగరుతో కళ్ళు పోతున్న మనిషికి ముత్యాల పళ్ళెం ఏ వ్యాపారీ పంపడు. మందులకి డబ్బిస్తారు, పండక్కి చీర పెడతారు. పళ్ళెం మాత్రం నాగమణమ్మకి పోతుంది. సక్కుబాయి మళ్ళీ కొట్టు గడప దగ్గర నిలబడుతుంది.

అందుకని మామయ్యకి నిజం చెప్పలేదు, చెప్పను. ఆసుపత్రి కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. సక్కుబాయి తనే చెప్పేస్తానని రెండుసార్లు బయల్దేరింది. రెండుసార్లూ నేనే పట్టుకుని ఆపాను. నువ్వు కూడా ఫోన్లో బాపు దగ్గర నోరు జారకు. ఎవరైనా అడిగితే, మా ఆవిడ లైటు తగిలి పోయింది అను. గట్టిగా, నమ్మకంగా అను.

నీ
నీహారిక